రెండో సీసా

మా పాత కాలేజీ నుంచి ఫోను వచ్చినప్పుడు ముందు కుదరదనే చెప్పాను. ఒకేషనల్ పిల్లలకి ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి, పాత విద్యార్థినిగా ఒక పూట వచ్చి పని చూపించి వెళ్ళండి మేడమ్ అని అడిగారు. సబ్బవరంలో నేను పనిచేసే క్లినిక్‌లో లేబ్‌కి నేనొక్కదాన్నే, సెలవు దొరకదన్నాను. అందులో అబద్ధం లేదు గానీ అసలు కారణం మాత్రం అది కాదు. రెండోసారి కూడా అడిగితే ఇక మొహమాటపడి వెళ్ళాను. అనకాపల్లిలో బస్సు దిగి ఆ గేటు లోపలికి అడుగు పెడుతుంటే ఇరవై ఏళ్ళ నాడు ఈ గేటు దగ్గరే ఎంత తల దించుకుని నడిచేదాన్నో గుర్తొచ్చింది. మా గది అలాగే ఉంది, బైపీసీ వాళ్ళ లేబ్ వెనకాల, ఒకప్పుడు విరిగిన బల్లలు దాచుకునే గది. గోడలకి రంగు మాత్రం వేశారు. పిల్లలు చురుగ్గా ఉన్నారు. ఒకమ్మాయి పక్కమ్మాయి వేలు పొడిచి, చుక్క రక్తం పట్టీకి అంటించి, చిన్న మిషన్‌లో చక్కెర అంకె చూసి టకీమని రాసేసుకుంది. అంతా అయిదారు సెకన్ల పని. "ఇయ్యి రాకముందర దేంతో సూసీవారు మేడమ్?" అని ఇంకో పిల్ల అడిగింది. ఆ పిల్ల అడిగింది మామూలు ప్రశ్నే. నేను మాత్రం మంచినీళ్ళు అడిగి బల్ల మీద కూర్చుండిపోయాను. ఎండకి అనుకున్నారు పాపం. ఇంటికి వచ్చాక మా ఆయనకీ అదే చెప్పాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి చెప్పని సంగతి ఒకటే ఉంది, ఇప్పుడు రాస్తున్నది అదే.

మా ఊరు అనకాపల్లికి బస్సులో అరగంట దూరం. చెరుకూ వరీ పండే ఊరు. మాకున్న పొలం కొంచెమే గానీ మా నాన్న చేతిలో ఒక పని ఉండేది, దాని మూలంగా చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఆయన పేరు తెలుసు. గానుగ దగ్గర చెరుకు రసం కాచేటప్పుడు పాకం చూసే మనిషి ఆయన. పెద్ద పెనం కింద చెరుకు పిప్పి మండుతుంటే, పైన రసం నురగలు కక్కుతూ, మడ్డి తేలుతూ, రంగు మారుతూ చిక్కబడుతుంటుంది. ఒక్క నిమిషం ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడిపోతుంది. ఎవరి ఏడాది కష్టమైనా ఆ ఒక్క నిమిషం మీదే ఉంటుంది. నాన్న పెనం పక్కన లుంగీ ఎగ్గట్టి నిలబడి, ముందు రంగు చూసేవాడు, తరవాత వాసన చూసేవాడు, గరిటెతో చుక్క తీసి చల్లటి నీళ్ళ గిన్నెలో వేసి వేళ్ళతో ఉండ చేసేవాడు, ఆఖరికి ఆ ఉండని నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "దించండి బావా" అంటే దించేయడమే. నాన్నని రెండోసారి అడిగిన వాణ్ణి నేను చూడలేదు. ఊళ్ళో ఆయన్ని పాకం అప్పారావు అనేవారు.

సీజను వచ్చిందంటే మా ఇంట్లో బెల్లం అంటని వస్తువు ఉండేది కాదు. తలుపు గొళ్ళెం జిగురు, రేడియో మీట జిగురు, నా పుస్తకాల అట్టలు జిగురు. నాన్న ఎక్కడ చెయ్యి వేస్తే అక్కడ ఈగో చీమో చేరేది. అమ్మ రోజంతా తడిగుడ్డ పట్టుకుని తిరిగేది, తిడుతూనే తిరిగేది. "ఇల్లేటి ఇది, మిఠాయి కొట్టేటి?" అని ఆవిడ అరిస్తే నాన్న నవ్వుతూ ఇంకో గ్లాసు మంచినీళ్ళు అడిగేవాడు. నా జడ కూడా బెల్లం వాసనే. క్లాసులో నేను అడుగుపెట్టగానే ముక్కులు ఎగబీల్చి నవ్వుకునే వాళ్ళుండేవారు. అప్పట్లో ఆ వాసన మీద నాకు పీకల దాకా కోపం. ఇప్పుడు ఎక్కడైనా బస్సులో పక్కన ఎవరైనా బెల్లం దిమ్మ పెట్టుకుని కూర్చుంటే దిగే ఊరు దాటిపోయినా లేవబుద్ధి కాదు.

టెన్త్ పాసయ్యాక నేను బైపీసీ అన్నాను. డాక్టర్ని అవుదామని పెద్ద ఆశ ఏమీ లేదు, నా స్నేహితురాలు వరలక్ష్మి బైపీసీలో చేరింది గనక నేనూ చేరాలి, అంతే నా తెలివి. నాన్నకి మార్కెట్ యార్డులో ఎవరో ఒకేషనల్ గురించి చెప్పారు. మెడికల్ లేబ్ టెక్నీషియన్ అని రెండేళ్ళ కోర్సు ఉంది, రక్తం, మూత్రం పరీక్షలు నేర్పుతారు, ఆసుపత్రిలో ట్రైనింగుకి కూడా పంపుతారు అని. ఆ సాయంత్రం వచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "ఆ పెద్ద సదువు ఎప్పటికయ్యీది, ఎవలికయ్యీది? ఇది రెండేళ్ళలో సేతికి పని వత్తాదంట. సేతిలో పనుంటే ఎవలికీ తలొంచక్కర్నేదే గుంటా. నన్ను సూడు, ఏ గానుగ కాడికెల్లినా కుర్సీ ఏసి కూకోబెడతారు" అన్నాడు. మూడు రోజులు అన్నం సరిగ్గా తినకుండా అలిగాను. నాలుగో రోజు ఆయనే సైకిలు మీద స్టాండు దాకా దింపి, బస్సెక్కించి, కాలేజీలో చేర్పించి వచ్చాడు.

ఒకేషనల్ అంటే ఆ కాలేజీలో మార్కులు రాని వాళ్ళ క్లాసు అని లెక్క. బైపీసీ పిల్లలు తెల్లకోట్లు వేసుకుని ముందు తలుపులోంచి వెళ్ళేవారు, మేము చుట్టూ తిరిగి వెనక తలుపులోంచి. మా సన్యాసిరావు సార్ ఒక్కరే మాకు అన్ని సబ్జెక్టులూ చెప్పేవారు. సన్నగా, ఎప్పుడూ చొక్కా జేబులో సిరా మరకతో ఉండే మనిషి. సామాన్లు తక్కువ, మందుసీసాలు ఇంకా తక్కువ. వేరే ఎక్కడినుంచో శాంపిల్స్ తెప్పించే వీలు లేదు గనక సార్ ఒక పద్ధతి పెట్టారు. మూత్రంలో చక్కెర పరీక్షకి ఎవరింటి శాంపిల్ వాళ్ళే తెచ్చుకోవాలి, అదీ ఇంట్లో పెద్దవాళ్ళది. "రేపు మీరు చేసే పరీక్షల్ని నమ్మి జనం మందులు వేసుకుంటారు. ముందు మీ ఇంటి మనుషుల మీద చేసి చూడండి, అప్పుడు చెయ్యి వణుకుతుందో లేదో తెలుస్తుంది" అనేవారు. పదహారేళ్ళ ఆడపిల్లలం, సిగ్గుతో చచ్చిపోయాం. అయినా సార్ మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

ఇంటికెళ్ళి నాన్నతో ఎలా చెప్పాలో తెలియక అమ్మతో చెప్పాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, వెళ్ళి నాన్నతో చెప్పింది. నాన్న నవ్వలేదు. పరీక్ష ఎలా చేస్తారని అడిగాడు. గొట్టంలో నీలం మందు పోసి, అందులో శాంపిల్ ఎనిమిది చుక్కలు వేసి, దీపం మీద మరిగిస్తామని, చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుందని, ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ, బాగా ఉంటే ఇటుక రంగు వస్తుందని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. శ్రద్ధగా విని, "మనదీ అదే పని గదే! మరిగించడం, రంగు సూడ్డం, సెప్పడం. మన ఇద్దరిదీ ఒకటే పనే అయితే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను. మర్నాడు గానుగ దగ్గర అందరికీ చెప్పుకున్నాడట, మా గుంట కూడా పాకం సూసే పనే నేర్సుకుంటంది అని.

మొదటి సీసా ఆ మర్నాడే తీసుకెళ్ళాను. న్యూస్ పేపర్లో చుట్టి, కేరేజీ సంచీలో అడుగున పెట్టుకుని. నా వంతు వచ్చింది. నీలం మందు మరిగింది, చుక్కలు వేశాను, చూస్తుండగానే గొట్టంలో రంగు తిరిగిపోయింది. ఆకుపచ్చ దగ్గరా ఆగలేదు, పసుపు దగ్గరా ఆగలేదు. కిందంతా ఇటుక రంగు ముద్దగా దిగింది. వెనకనుంచి ఎవరో "బెల్లం వోళ్ళింట్లో అది కూడా తియ్యగే ఉంటాది" అన్నారు. గది గదంతా పగలబడి నవ్వింది. కిటికీ లోంచి చూస్తున్న బైపీసీ పిల్లలు కూడా నవ్వారు, అందులో వరలక్ష్మి ఉంది. సార్ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, నవ్వకుండా అడిగారు. "సీసా ఇంట్లో దేనికి వాడేవారమ్మా?" ఆలోచిస్తే గుర్తొచ్చింది, అది అమ్మ దిబ్బరొట్టెలోకి పలచటి పాకం పోసి ఉంచే సీసా. అదే చెప్పాను. మళ్ళీ నవ్వులు. సార్ తల ఊపి, "అయితే ఇది లెక్కలోకి రాదు. రేపు వేరే సీసా మరిగే నీళ్ళతో కడిగి, మళ్ళీ తీసుకురా. అప్పటిదాకా రికార్డులో ఏమీ రాయకు. మీ నాన్నగారిది మళ్ళీ చూడాల్సిందే, మర్చిపోకు" అన్నారు. ఆ చివరి మాట ఆయన మెల్లగా, నాకొక్కదానికే వినపడేటట్టు అన్నారు. నా చెవుల్లో మాత్రం నవ్వులే ఉన్నాయి.

ఇంట్లో చెబితే అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మ! ఆ సీసాయేటే నువ్వు పట్టికెల్లింది?" అని. ఆ రాత్రికే మందుల సీసా ఒకటి వెతికి, బూడిదేసి తోమి, నీళ్ళలో మరగబెట్టి, బోర్లించి ఆరబెట్టింది. పొద్దున్నే నాన్న ఆ రెండో సీసా పట్టుకొచ్చి నా చేతికిచ్చాడు. విసుక్కోలేదు. "ఈసారి సరిగ్గా వత్తాదిలే, దిగులెట్టుకోకు" అన్నాడు. రికార్డు పుస్తకాలు సార్‌కి ఇచ్చేయాల్సింది ఆ రోజే. పూర్తయిన వాళ్ళనే ముందుగా పెద్ద ఆసుపత్రికి ట్రైనింగుకి పంపుతారు.

బస్సు కిక్కిరిసి ఉంది. సంచీ గుండెకి హత్తుకుని నిలబడ్డాను. ఎక్కడో గోతిలో పడి బస్సు ఎగిరింది, మూత సరిగ్గా బిగించలేదు కాబోలు, సంచీ తడిసింది. నా ముందు కూర్చున్నావిడ చీర మీద పడింది. "ఏటే ఇది? ఏటి కారతంది?" అని ఆవిడ లేచి నిలబడి అరిచింది. ఏమని చెప్పను? సంచీ వెనక్కి దాచుకున్నాను. వాసనని బట్టి వాళ్ళకే తెలిసిపోయింది. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. రెండు స్టాపుల ముందే దిగిపోయి, రోడ్డు పక్క కాలవ దగ్గర నిలబడి ఏడ్చాను. సీసాలో సగం పైనే మిగిలి ఉంది. పరీక్షకి ఎనిమిది చుక్కలు చాలు. ఆ సంగతి అప్పుడూ నాకు తెలుసు. అయినా మూత తీసి కాలవలో పారబోసేశాను, సీసా కూడా విసిరేశాను. కాలేజీకి వెళ్ళి, బాత్‌రూమ్‌కి వెళ్ళి, నా శాంపిలే ఒక గొట్టంలో పట్టి, నాన్నదని చెప్పి పరీక్ష చేశాను. నీలం నీలంగానే ఉండిపోయింది. చక్కెర లేదు అని రాశాను. సార్ తృప్తిగా సంతకం పెట్టారు. ఆయన మొహంలో ఏదో బరువు దిగినట్టు కనిపించడం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆయన నా కోసం కాదు, తను ఎన్నడూ చూడని మా నాన్న కోసం భయపడ్డారు.

సాయంత్రం నాన్న గానుగ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూనే అడిగాడు. "ఏటొచ్చిందే?"

"బాగానే ఉంది నాన్నా. నీలంగానే ఉండిపోనాది."

"నువ్వే సూసేవా?"

"నానే సూసేను."

అంతే. ఇంకోసారి అడగలేదు. తన మాటని ఎవరూ రెండోసారి అడగని మనిషి, కూతురి మాటని ఎందుకు అడుగుతాడు? పని నేర్చినవాళ్ళు చూశామని చెబితే చూసినట్టే ఆయనకి. ఆ పూట అన్నంలోకి ఇష్టంగా ఇంత పాకం వేయించుకుని తిన్నాడు. నేను పక్కన కూర్చుని చూశాను.

తరవాత రోజుల్లో కళ్ళకి కనపడనిది ఏమీ లేదు. దాహం ఎక్కువైంది, చెంబులకి చెంబులు తాగేవాడు. పెనం దగ్గర సెగకి దాహం వేయదా అనుకున్నాం. చిక్కిపోయాడు. సీజను కదా, తిండీ నిద్రా లేవు అనుకున్నాం. దొడ్లో ఆయన ఒంటేలుకి కూర్చునే చోట చీమలు బారులు కట్టేవి. మరెవరింట్లోనైనా అనుమానించేవారు, బెల్లం వండే వాళ్ళ ఇంట్లో చీమల్ని చూసి ఎవరు అనుమానిస్తారు? అమ్మకి ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది కూడా. "ఆసుపత్రికెల్లి సూపించుకోరాదా?" అంది. "మన గుంటే సూసింది గదే, ఏటీ నేదని సెప్పింది" అన్నాడు నాన్న. అది నేను గుమ్మం అవతలనుంచి విన్నాను. విని ఊరుకున్నాను. చెప్పడానికి సిగ్గుపడ్డాను అనుకుంటే సగం నిజం. నాకు రికార్డు మీద సంతకం పోతుందని, ట్రైనింగుకి పంపరని భయం. ఆ భయం ముందు మిగతావన్నీ చిన్నగా కనిపించాయి, పదహారేళ్ళ వయసులో.

రెండో ఏడాది నన్ను ట్రైనింగుకి ఆసుపత్రి లేబ్‌లో వేశారు. పని బాగా నేర్చుకున్నాను, నరం దొరకని ముసలివాళ్ళని కూడా నా దగ్గరికే పంపేవారు. ఆ సీజను మధ్యలో నాన్న కాలి మీద మరిగే రసం చింది పడింది. నొప్పి తెలియలేదట, అందుకే పట్టించుకోలేదు. పసుపు రాసుకుని పది రోజులు గానుగ దగ్గరే నిలబడ్డాడు. బొటనవేలు నల్లబడ్డాక అమ్మ బలవంతంగా తీసుకొచ్చింది, నేనున్న ఆసుపత్రికే. రక్తం నేనే తీశాను. పరీక్ష కూడా నేనే చేశాను. వచ్చిన అంకె చూసి మా సీనియర్ "ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా?" అని అడిగాడు. నేను ఆ అంకెని రిపోర్టులో రాశాను. అక్కణ్ణించి విశాఖపట్నం పంపారు. ముందు వేలు తీశారు, ఆగలేదు. మోకాలి కింద దాకా తీశారు. ఒంటికాలి మనిషిని పెనం దగ్గర ఎవరు నిలబెడతారు? కొన్నాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెట్టారు, మర్యాదకి. తరవాత పిలవడం మానేశారు. అరుగు మీద కూర్చుని గాలి ఇటు తిరిగినప్పుడు వాసన పట్టి, "దించేయాలి, మాడతంది" అని గొణుక్కునేవాడు. ఆయన మాట ఎప్పుడూ తప్పు కాలేదని తరవాత తెలిసేది.

ఇప్పుడు మా ఊళ్ళో గానుగలు రెండో మూడో మిగిలాయి. కుర్రాళ్ళంతా తెల్లారకముందే రోడ్డు మీదకొచ్చి అచ్యుతాపురం కంపెనీ బస్సు కోసం నిలబడతారు. ఒకేషనల్ చదివిన పిల్లలకి అక్కడ ల్యాబుల్లో ఉద్యోగాలు కూడా వస్తున్నాయి, మొన్న కాలేజీలో ఒకమ్మాయి ఎంతో ధీమాగా చెప్పింది. వెనక తలుపు ముందు తలుపు అని తేడా కూడా ఇప్పుడు లేదు. సంతోషమే. శాంపిల్ సంచీలో దాచుకుని బస్సెక్కే అవస్థ ఆ పిల్లలకి లేదు, చుక్క రక్తం చాలు, పట్టీ అబద్ధం చెప్పదు. నా చేతిలో ఆనాడు ఆ మిషను ఉండి ఉంటే అని చాలాసార్లు అనుకుంటాను. వెంటనే నా మీద నాకే కోపం వస్తుంది. మందుకేం తక్కువైంది? ఆ నీలం మందు సరిగ్గానే చెప్పింది, మొదటిసారే చెప్పింది. తప్పంతా నాదే.

నాన్న పోయే ముందు ఏడాది చెప్పేశాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, నేను కాలికి కట్టు మారుస్తున్నాను, రెండో కాలికి. తల ఎత్తకుండానే చెప్పాను. "నాన్నా, ఆ రెండో సీసా నాను పరీచ్చ సెయ్యనేదు. కాలవలో పారబోసేసేను. బాగుందని ఉత్తినే సెప్పేను."

నాన్న చెయ్యి నా తల మీద వేశాడు.

"సేసినా ఏటవుద్దే? తెలిసినా నాను మానీవోణ్ణి కాదు. నాలిక్కి తగలకుండా పాకం తెలుత్తాదేటి? నీది తప్పు నేదు. ఎల్లు, ఎల్లి అన్నం తిను" అన్నాడు.

కానీ మానేవాడు. విశాఖపట్నంలో డాక్టరు చెప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. నాన్న అడిగింది ఒక్కటే, "పాకం నాలిక మీద ఎట్టొచ్చా బాబూ?" అని. కూడదన్నాడాయన. ఆ క్షణం నుంచి మళ్ళీ ముట్టుకోలేదు. గానుగ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టిన రోజుల్లో కూడా వేళ్ళతో ఉండ చేసి చూసి, చెయ్యి కడుక్కునేవాడు. ఆ కొన్నాళ్ళూ ఒక్క పాకం కూడా చెడలేదు. గుళ్ళో ప్రసాదం పెడితే కళ్ళకద్దుకుని అమ్మకిచ్చేసేవాడు. ముక్కూ మొహం తెలియని డాక్టరు ఒక్క మాట అంటేనే మానేసిన మనిషి, సొంత కూతురు చెబితే మానడా? ఆ సంగతి నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా ఆయన చెప్పినట్టే లోపలికి వెళ్ళి అన్నం పెట్టుకున్నాను. నాన్న అరుగు మీద వింటుంటాడని, కంచం చప్పుడయ్యేటట్టు కలుపుకుంటూ మొత్తం తిన్నాను.